పాత టూ ఇన్ వన్ టేప్ రికార్డరును ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

అటక మీది టేప్ రికార్డరు దించాం, ప్లగ్గు పెడితే గుర్రుమంటోంది కానీ క్యాసెట్ తిరగడం లేదు, బాగుచేసే మనిషి ఊళ్ళో ఇప్పుడు లేడు, ఏం చేయాలి? అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి పాఠకులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవారిలో చాలామందికి కావలసింది ఆ పెట్టె కాదు, దానితో పాటు అటకెక్కిన క్యాసెట్లు. ఊరి తీర్థంలో రికార్డు చేసుకున్న నాటక పద్యాలు, అక్క పెళ్ళినాటి మాటలు, ఇప్పుడు లేని తాతగారి గొంతు. తొందరపడి ఆ క్యాసెట్ పెడితే టేపు నలిగిపోతుంది. అందుకే ఈ పని ఒక క్రమంలో చేయాలి.

మన డెల్టాలో ఈ సెట్లను పాడుచేసేది వయసు కంటే చెమ్మ. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి. లోపలి ఊళ్ళలో వరిచేల తేమ, కాలువల తేమ, రోజుల తరబడి వదలని ముసురు. స్ప్రింగులకు తుప్పు, స్విచ్చులకు చిలుము, టేపుకు బూజు పడతాయి. కాబట్టి ముందు శుభ్రం చేయండి, భాగాలు మార్చడం తరువాత చూడవచ్చు. ఐసీ (బోర్డు మీది నల్లటి చిప్పు) కాలిపోయిందని ముందే తేల్చేసుకుని సోల్డరింగ్ మొదలుపెడితే బాగున్న బోర్డు కూడా చెడుతుంది.

ఇక్కడ చెప్పేది రేడియో, క్యాసెట్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండి, కరెంటు మీదా బ్యాటరీల మీదా నడిచే సెట్టు గురించి.

కావలసినవి

- స్టార్ స్క్రూడ్రైవర్లు: ఒకటి పొడవైనది, ఒకటి చిన్నది. వెనక మూత స్క్రూలు లోతైన గుంటల్లో ఉంటాయి కనుక పొడవైనది తప్పనిసరి.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతానిది. దొరకకపోతే మందుల షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఉన్న స్పిరిట్ తీసుకోండి. అందులో నీరు ఉంటుంది కాబట్టి ఆరడానికి ఎక్కువసేపు వదలాలి.
- ఎలక్ట్రానిక్ పనికి వాడే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే.
- ఇయర్‌బడ్స్, మెత్తటి పెయింటు బ్రష్షు, నూలు గుడ్డ, సన్నటి గరుకు కాగితం.
- మల్టీమీటరు. చవకదైనా చాలు.
- కొత్త బ్యాటరీలు, రబ్బరు చేతితొడుగులు, కళ్ళద్దాలు.
- పోయినా బాధ లేని ఒక పాత క్యాసెట్. పరీక్షలన్నీ దానితోనే.

బెల్టులు, స్ప్రే వంటివి రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో అడగండి. అక్కడ లేకపోతే హైదరాబాద్ కోఠి నుంచి తెప్పించుకోవచ్చు.

వాడకూడనివి కూడా చెప్పాలి. కిరసనాయిలు, పెట్రోలు, పెయింటు థిన్నరు వద్దు. ప్లాస్టిక్ కరుగుతుంది, నిప్పు ప్రమాదం సరేసరి. కొబ్బరినూనె అసలే వద్దు. మన ఇళ్ళలో బిగుసుకుపోయిన ప్రతి దానికీ రెండు చుక్కలు వేసే అలవాటు ఉంది. కొన్నాళ్ళకు ఆ నూనె జిగురుగా మారి దుమ్ము పట్టి మోటారును, మీటలను బిగించేస్తుంది. శానిటైజరులో గ్లిసరిన్ వంటివి కలుస్తాయి, టేపును చదివే హెడ్డు మీద పొర మిగులుతుంది.

కరెంటు దగ్గర దాటకూడని గీత

మూత తీసి ఉన్న సెట్టుకు ప్లగ్గు పెట్టకండి. పరీక్షలన్నీ బ్యాటరీల మీదే చేయండి. ఈ సెట్లు నాలుగు బ్యాటరీలతో 6 వోల్టులు, ఆరింటితో 9, ఎనిమిదింటితో 12 వోల్టుల మీద నడుస్తాయి. అంత వోల్టేజీతో ప్రాణాపాయం ఉండదు. 230 వోల్టులు వచ్చే వైపు, అంటే తీగ గుచ్చే సాకెట్టు, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మరు మొదటి చుట్టు, మీ పని కాదు. స్విచ్చు ఆపడం చాలదు. చాలా సెట్లలో ముందున్న స్విచ్చు ఆపినా ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు అందుతూనే ఉంటుంది. తీగను గోడ నుంచీ సెట్టు నుంచీ కూడా పీకేసి, ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు మూత విప్పండి.

కొత్త తరహా సెట్లలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు బదులు కరెంటు వోల్టేజీని తగ్గించే చిన్న ఎస్‌ఎంపీఎస్ బోర్డు ఉంటుంది. అందులోని పెద్ద కెపాసిటరు ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులకు పైగా నిలుపుకోగలదు. ఆ బోర్డు కనబడితే దాన్ని ముట్టుకోకుండా తెలిసిన మెకానిక్కుకు అప్పగించండి. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టే పద్ధతి ఇళ్ళు తగలబెడుతుంది. అదే ఆంపియరు ఫ్యూజు వేయించండి.

పని క్రమం

1. విప్పకముందే జబ్బు ఏ వైపో తేల్చుకోండి. కరెంటు తీగను సెట్టు వెనక సాకెట్టులోంచి పూర్తిగా తీసేసి కొత్త బ్యాటరీలు వేయండి. తీగ గుచ్చి ఉంటే చాలా సెట్లలో బ్యాటరీ దారి తెగిపోతుంది. ఆ ఏర్పాటు సాకెట్టులోనే ఉంటుంది. "బ్యాటరీల మీద పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి. ముందు రేడియో, తరువాత పాత క్యాసెట్ పెట్టి చూడండి. రేడియో పలికి క్యాసెట్ పలకకపోతే ఆంప్లిఫయరు, స్పీకర్లు బాగున్నట్టే. జబ్బు టేపు యంత్రంలోనో, హెడ్డులోనో, ప్లే–రికార్డు స్విచ్చులోనో ఉంది. రెండూ పలకకపోతే బ్యాటరీ గది, వాల్యూమ్ కంట్రోలు, హెడ్‌ఫోన్ సాకెట్టు అనుమానించండి. బ్యాటరీల మీద శుభ్రంగా పలికి కరెంటు మీద మాత్రమే గుర్రుమంటే విద్యుత్ భాగంలోని ఫిల్టరు కెపాసిటరు ఎండిపోయి ఉండవచ్చు. ఏది ఎలా ఉందో కాగితం మీద రాసుకోండి. చివర్లో పోల్చుకోవడానికి అదే ఆధారం.

2. బ్యాటరీ గది. చేతితొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోండి. ఏళ్ళ తరబడి వదిలేసిన బ్యాటరీలు కారి స్ప్రింగులను తినేసి ఉంటాయి. మామూలు ఎర్ర టార్చిలైటు రకం కారితే ఆ ద్రవం ఆమ్ల గుణంది. నీటిలో కలిపిన వంటసోడాను బడ్డుతో రాయాలి. ఆల్కలైన్ బ్యాటరీ కారితే తెల్లటి పొడి కడుతుంది, అది క్షార గుణంది. దానికి నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పనిచేస్తుంది. చాలామంది ఈ రెంటినీ తారుమారు చేసి మరక వదలలేదంటారు. బుడగలు ఆగాక తడి బడ్డుతో, తరువాత ఆల్కహాల్‌తో తుడిచి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. తుప్పు లోపలిదాకా వెళ్ళిన స్ప్రింగును మార్చడమే మేలు. సరిచూడటం ఇలా: బ్యాటరీలు వేసి గది చివరి రెండు కొసల మధ్య మల్టీమీటరు పెట్టండి. ఆరు బ్యాటరీల సెట్టులో 9 వోల్టులకు దగ్గరగా రావాలి. సెట్టు ఆన్ చేయగానే అది సగానికి పడిపోతే ఎక్కడో ఇంకా చిలుము ఉంది.

3. మూత విప్పడం. బ్యాటరీలు తీసేయండి. స్క్రూలు ఏ గుంటలోంచి తీసినవి అదే క్రమంలో ఒక అట్టముక్కకు గుచ్చుకోండి. పొడవు స్క్రూను పొట్టిదాని చోట బిగిస్తే ముందువైపు ప్లాస్టిక్ పగులుతుంది. బ్యాటరీ గదిలో, హ్యాండిల్ కింద దాగిన స్క్రూలు ఉంటాయి. మూత రాకపోతే బలం ఉపయోగించకుండా అవి వెతకండి. రెండు సగాల మధ్య స్పీకరు తీగలు, యాంటెన్నా తీగ ఉంటాయి కాబట్టి పుస్తకం తెరిచినట్టు మెల్లగా తెరవాలి. తెరవగానే, ఏదీ కదపకముందు, అన్ని వైపుల నుంచీ ఫోనుతో ఫోటోలు తీయండి. డయలు ముల్లును లాగే దారం ఏ కప్పీ చుట్టూ ఎటు తిరిగిందో దగ్గరగా తీయడం మరవకండి. అది జారితే తిరిగి చుట్టడం నిజంగా కష్టం.

4. లోపలి చెత్త. బల్లి గుడ్లు, చీమల మట్టి, బొద్దింకల రెట్ట మామూలే. పొడి బ్రష్షుతో దులిపి, బోర్డు మీద అంటుకున్నదాన్ని ఆల్కహాల్ బడ్డుతో తుడవండి. రేడియో భాగంలోని రాగి తీగ చుట్టలను, నల్లటి ఫెర్రైటు కడ్డీని బ్రష్షుతో గట్టిగా తాకకండి. కడ్డీ మీది తీగలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ఒక్క పోగు తెగినా మీడియం వేవ్ బలహీనపడుతుంది.

5. స్విచ్చులు, వాల్యూమ్ కంట్రోలు. నా లెక్కలో సగం సెట్లు ఇక్కడే లేచి కూర్చుంటాయి. వాల్యూమ్, టోన్ కంట్రోళ్ళ డబ్బాకు ఉన్న చిన్న సందులోంచి స్ప్రే కొద్దిగా కొట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై ముప్ఫై సార్లు తిప్పండి. బోర్డు మీద పొడవుగా, రికార్డు మీటకు కలిసి ఉండే జారుడు స్విచ్చు ఉంటుంది. ఒక స్పీకరే పలకడం, ఈల వేయడం, ప్లే నొక్కితే గరగర తప్ప ఏమీ రాకపోవడం చాలావరకు దీని పుణ్యమే. సందుల్లో స్ప్రే కొట్టి స్విచ్చును చేత్తో ముందుకూ వెనక్కూ అన్నిసార్లే ఆడించండి. క్యాసెట్ గదిలో ఏమీ లేకుండా చూసుకోండి. బెల్టుల మీద, స్పీకరు కాగితం మీద స్ప్రే పడకుండా గుడ్డ అడ్డుపెట్టండి. అరగంట ఆరనివ్వాలి.

6. బెల్టు. మోటారు చప్పుడు వినిపిస్తూ క్యాసెట్ తిరగకపోతే బెల్టు తెగిందనో, సాగిందనో, కరిగిందనో అర్థం. కరిగిన బెల్టు తారులా అంటుకుంటుంది, బట్టలకు పడితే వదలదు. పాత కాగితాలు పరిచి, ఆల్కహాల్ బడ్డులతో కప్పీలు, ఫ్లైవీలు (బెల్టు తిప్పే బరువైన చక్రం) అంచు నల్లమరక లేకుండా తుడవండి. కాస్త మిగిలినా కొత్త బెల్టు పట్టు తప్పుతుంది.

   కొలత విషయంలో ఎక్కువమంది పొరబడతారు. సాగిన పాత బెల్టు పట్టుకెళ్ళి అంతే పొడవుది తెచ్చుకుంటారు. అలా కాకుండా, బెల్టు తిరిగే దారి వెంట ఒక దారం చుట్టి కొలవండి. ఆ కొలతకంటే సుమారు 5 నుంచి 10 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్నది కొనండి. మరీ బిగువైతే మోటారు బుష్షులు అరుగుతాయి. పాతది చదునైనదైతే చదునైనదే, చదరపుదైతే చదరపుదే వేయాలి. నోట్ల కట్టకు వేసే రబ్బరు బ్యాండు ఒక్క రోజుకు కూడా వద్దు. అది సమానంగా సాగదు, పాట ఊగుతుంది. ఫ్లైవీలు ఇరుసు పొడిబారి కీచుమంటే కుట్టుమిషన్ నూనె సూది మొనతో ఒక్క చుక్క పెట్టండి, అంతకు మించి వద్దు.

   సరిచూడటానికి, క్యాసెట్ లేకుండా ప్లే నొక్కి, తిరిగే ఇరుసును వేళ్ళతో మెల్లగా పట్టుకోండి. అది ఆగుతూనే తిరగాలని లాగుతున్నట్టు తెలియాలి. ఆ లాగుడు లేకపోతే టేపు చుట్టుకోక యంత్రంలోకి వెళ్ళి నలుగుతుంది. క్యాసెట్లను "తినేసే" సెట్టు జబ్బు చాలావరకు ఇదే.

7. హెడ్డు, రబ్బరు రోలరు. మీటలు చేత్తో నొక్కే రకం సెట్లలో బ్యాటరీలు లేకుండానే ప్లే నొక్కితే హెడ్డు ముందుకు వస్తుంది. ఆల్కహాల్‌తో తడిపి పిండిన బడ్డుతో హెడ్డు ముఖాన్ని, రోలరు పక్కన నిలబడి ఉండే సన్నటి ఉక్కు కడ్డీని తుడవండి. బడ్డుకు అంటే గోధుమరంగు టేపు మీది ఐరన్ ఆక్సైడు. బడ్డు తెల్లగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. రబ్బరు రోలరుకు మాత్రం ఆల్కహాల్ పదేపదే వాడితే పగుళ్ళు వస్తాయి. సబ్బు నీటి బడ్డు, ఆపైన మంచినీటి బడ్డు, చివర పొడి బడ్డు చాలు. అది గట్టిపడి గాజులా మెరుస్తుంటే కొత్తది వేయండి. హెడ్డుకు లోహపు మొన తగలనివ్వకండి. గీత పడుతుంది, అయస్కాంతం పట్టిన స్క్రూడ్రైవరైతే టేపుల్లో బుస్సుమనే శబ్దం పెరుగుతుంది.

   హెడ్డు పక్కన స్ప్రింగు మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాని తల మీద రంగు చుక్క కూడా ఉండవచ్చు. దాన్ని తిప్పకండి. హెడ్డు టేపుకు నిటారుగా నిలిచే కోణం దాని మీదే ఆధారపడింది. శబ్దం మందంగా ఉందని ముందుగా దీన్ని తిప్పి, అసలు కారణమైన మురికిని వదిలేసేవారు చాలామంది.

8. వేగం. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. కొలిచే పద్ధతి తేలిక. కంపెనీ విడుదల చేసిన పాత క్యాసెట్‌లో ఐదు నిమిషాల పాట ఒకటి ఎంచుకుని, అదే పాట ఫోనులో ఎంతసేపు ఉందో పోల్చండి. తేడా మూడు సెకన్లంటే ఒక శాతం, దాన్ని వదిలేయవచ్చు. పది సెకన్లయితే సరిచేయాలి. చాలా మోటార్ల వెనక చిన్న రంధ్రం ఉంటుంది, లోపల తిరిగే స్క్రూ ఉంటుంది. ప్లాస్టిక్ మొన ఉన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పి మళ్ళీ కొలవండి. ఇదే సెట్టులో మీరు రికార్డు చేసుకున్న క్యాసెట్‌తో మాత్రం కొలవకండి. రికార్డింగులో ఉన్న తప్పే ప్లేలోనూ ఉంటుంది కాబట్టి అంతా సరిగానే వినిపిస్తుంది.

9. స్పీకర్లు, రేడియో. పలకని స్పీకరు తీగ ఒకటి విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీ క్షణకాలం తాకించండి. టక్ మంటే బతికే ఉంది. మల్టీమీటరులో 4 ఓముల స్పీకరు 3 నుంచి 4 మధ్య, 8 ఓములది 6 నుంచి 8 మధ్య చూపాలి. ఆన్‌లో ఉండగా స్పీకరు తీగలు రెండూ ఒకదానికొకటి తగిలితే ఐసీ పోతుంది. కాగితం చిన్నగా చిరిగితే పలుచటి టిష్యూ కాగితం, ఫెవికాల్ వాడి అతికించండి. రేడియో మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి విజయవాడ, 927 దగ్గర విశాఖపట్నం స్థానాలు. ముల్లు అటూ ఇటూ ఉంటే దారం జారిందన్నమాట. సెట్టును నెమ్మదిగా చుట్టూ తిప్పి చూడండి, లోపలి కడ్డీ దిశను బట్టి ధ్వని మారుతుంది. గరగర ఎక్కువైతే ఇంట్లో ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జర్లు ఆపి చూశాకే రేడియోను తప్పుపట్టండి.

10. చివరగా కరెంటు. మూత పూర్తిగా బిగించాక, గోడకు గుచ్చకముందు, తీగను సెట్టుకు మాత్రమే తగిలించి, ప్లగ్గు రెండు పిన్నుల మధ్య ఓములు కొలవండి. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టయితే కొన్ని వందల ఓములు రావడం మామూలు. ఏమీ రాకపోతే సెట్టు స్విచ్చు ఆన్ చేసి మరోసారి చూడండి. అప్పటికీ రాకపోతే తీగో, ఫ్యూజో, చుట్టో తెగింది. సున్నాకు దగ్గరైతే ప్లగ్గు పెట్టవద్దు. తీగ తొడుగు పగిలి ఉంటే టేపు చుట్టకుండా కొత్త తీగ కొనండి. మెకానిక్కు దగ్గర సీరీస్ బల్బు బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా సెట్టుకు వెళ్ళే ఏర్పాటు) ఉంటే మొదటిసారి దాని మీద పెట్టించడం ఉత్తమం. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి సంగతి చెబుతుంది, సెట్టు కాలదు. మొదటి అరగంట పక్కనే ఉండండి. కాలిన వాసనో, చేయి పెట్టలేనంత వేడో తగిలితే గోడ స్విచ్చు ఆపి ప్లగ్గు తీయండి.

వరద నీటిలో తడిసిన సెట్టు

1986 ఆగస్టు వరద చూసినవారికి, 2022 జూలైలో లంకలు మునగడం చూసినవారికి ఇది ఎందుకు రాస్తున్నానో చెప్పనక్కరలేదు. మునిగిన సెట్టు "పనిచేస్తోందా" అని చూడటానికి ఆన్ చేయడమే అసలు నష్టం. నీటితో కాకుండా, నీటిలో పారిన కరెంటుతో బోర్డు దారులు తినుకుపోతాయి. బ్యాటరీలు తీసేయండి. గోదావరి ఒండ్రు ఎండి గట్టిపడకముందే మూత విప్పి, స్పీకర్లు విప్పి పక్కన పెట్టి, బోర్డును తాగే నీటితో మెల్లగా కడగండి. ఉప్పు బోరు నీరు వద్దు. తరువాత ఆల్కహాల్ పోసి నీటిని తరిమి, నీడలో ఫ్యాను కింద కనీసం వారం ఉంచండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంగుతుంది, స్పీకరు కాగితం ముడుచుకుంటుంది. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, పైగా తవుడు దుమ్ము యంత్రంలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు మునిగితే పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. మెకానిక్కు ఇన్సులేషన్ పరీక్షించేదాకా ఆ సెట్టును బ్యాటరీల మీదే వాడండి. తుఫాను రోజుల్లో కరెంటు పోయినప్పుడు వార్త వినిపించేది అదే కదా.

బ్లూటూత్ స్పీకరు అయితే

శుభ్రం చేయడం, స్పీకరు పరీక్ష పైన చెప్పినట్టే. లోపలి లిథియం బ్యాటరీ మాత్రం వేరే సంగతి. ఉబ్బి ఉంటే ఛార్జింగు పెట్టకండి, గుచ్చకండి, నొక్కకండి, వంటింట్లో ఉంచకండి. ఇంటికి దూరంగా ఇసుక ఉన్న లోహపు డబ్బాలో పెట్టి, ఈ–వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. కొత్త సెల్లును తగిన పరికరాలున్నవారితోనే వేయించండి.

ఇక ఆ క్యాసెట్లు

పాత క్యాసెట్‌తో రెండు వైపులా పూర్తిగా పాడించి, టేపు నలగలేదని చూశాకే విలువైనది బయటకు తీయండి. ముందు దాని వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా గొంతు చెరగదు. కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. అలాగే పాడించకండి. పెన్సిలుతో చేత్తోనే నెమ్మదిగా ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతూ, బయటకు కనిపించే చోట మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఒక బూజు క్యాసెట్ అయ్యాక హెడ్డు తుడవకుండా ఇంకోటి పెట్టవద్దు.

సెట్టు హెడ్‌ఫోన్ సాకెట్టు నుంచి కంప్యూటరు లైన్ ఇన్ సాకెట్టుకు తీగ వేసి, వాల్యూమ్ మూడోవంతులో ఉంచి, ఒక నిమిషం రికార్డు చేసి వినండి. గట్టి పద్యం దగ్గర గొంతు చిరిగినట్టు వస్తే వాల్యూమ్ తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి. సెట్టును రెండు వారాలకు మించి వాడకపోతే బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. క్యాసెట్లను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. అయితే కాపీని తెరిచి మొదలు, మధ్య, చివర విని, అంతా ఎక్కిందని చూశాకే ఆ క్యాసెట్‌ను డబ్బాలో పెట్టాలి.